మ్యూట్ చేసిన మేళం

మా పిన్ని పెళ్ళి 1994లో కాట్రేనికోనలో అయింది. ఆ పెళ్ళి వీడియో క్యాసెట్టు ముప్పై ఏళ్ళు అమ్మమ్మగారింట్లో బీరువా అడుగున పట్టుచీరల కింద పడుంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు దాన్ని తెచ్చి, బూజు తుడిపించి, కంప్యూటర్లోకి ఎక్కించాను. ఊరేగింపు పదకొండు నిమిషాలుంది. నెత్తిన లైట్లు మోస్తున్న మనుషులు, పూలు కట్టిన కారు, కారు ముందు బ్యాండు మేళం. క్లారినెట్టు ఒకటి, ట్రంపెట్లు రెండు, సైడు డ్రమ్ములు రెండు, పొట్టకి కట్టుకున్న పెద్ద డ్రమ్ము, పక్కన గిలకలు ఊపుతున్న కుర్రాడు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, పుల్లలు లేస్తున్నాయి, మా మావయ్యలు రుమాళ్ళు నోట్లో పెట్టుకుని నాగిని డాన్సు కడుతున్నారు. వినపడేది మాత్రం బాలు, చిత్ర పాడిన సినిమా పాట. ఊరేగింపు మొదట్నించి చివరిదాకా అదే.

మీ ఇంట్లో క్యాసెట్టూ ఇలాగే ఉంటుంది, కావాలంటే పెట్టి చూసుకోండి. ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే అంతే. మంగళసూత్రం దగ్గర ఒక పాట, అప్పగింతలకి ఒక ఏడుపు పాట, ఊరేగింపుకి ఒక హుషారు పాట. మిక్సింగ్ చేసేవాడు అసలు శబ్దం తీసేసి దాని మీద పాట ఎక్కించేవాడు. అందువల్ల ఇవాళ కోనసీమ బ్యాండు మేళాలకి సంబంధించి మన దగ్గర వేల గంటల బొమ్మ ఉండొచ్చు. శబ్దం లేదు. సంగీతం వాయించే మనుషుల్ని ఇంత శ్రద్ధగా, ఇన్నిసార్లు, డబ్బు కట్టి మరీ మూగగా రికార్డు చేసుకున్న జనం ఇంకెక్కడైనా ఉన్నారా అని నా అనుమానం.

నేనీ మాట ఎత్తటానికి కారణం ఒక అమెరికన్ బ్యాండు. ద మీటర్స్. న్యూ ఆర్లీన్స్ వాళ్ళు, నలుగురు: ఆర్గన్ మీద ఆర్ట్ నెవిల్, గిటారు లియో నోసెంటెల్లి, బాస్ జార్జ్ పోర్టర్, డ్రమ్స్ జోసెఫ్ మోడలిస్ట్. ఈ చివరాయన్ని అందరూ జిగబూ అంటారు. అరవైల నడిమిలో మొదలయ్యారు. 1969లో 'సిస్సీ స్ట్రట్' వచ్చింది, మూడు నిమిషాలు, ఒక్క మాట ఉండదు. అమెరికా పాప్ పట్టికలో 23 దాటి పైకి పోలేదు. సొంత పేరుతో వాళ్ళకి దక్కిన పెద్ద హిట్టు అదే అనుకోవచ్చు. కానీ 1973లో డాక్టర్ జాన్ పెద్ద హిట్టు వెనకా వాళ్ళే, 1974లో లబెల్ పాడిన 'లేడీ మార్మలేడ్' వెనకా వాళ్ళే. తర్వాత హిప్ హాప్ వాళ్ళు ఆ డ్రమ్ముల్ని ముక్కలు ముక్కలుగా కోసుకుని వాడుకున్నారు. ఇంజనీరింగ్ హాస్టల్లో నేను మొదట విన్నది ఆ ముక్కల్నే. అసలుది తర్వాత దొరికింది. 2018లో గ్రామీ వాళ్ళు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. మరుసటేడు ఆర్ట్ నెవిల్ పోయాడు.

మన వెబ్ పత్రికల్లో ఇలాంటి బ్యాండ్ల మీద వ్యాసాలు బాగానే వస్తుంటాయి. జాజ్ మీద, బ్లూస్ మీద, సోల్ మీద. అన్నిట్లోనూ ఒక పేరా తప్పకుండా ఉంటుంది: బానిసత్వం, ఊరేగింపులు, చర్చిలు, అణగారిన జనం గుండె చప్పుడు. చదివి మనం తలూపుతాం. అదే మనం, నేపథ్య సంగీతం నచ్చకపోతే 'బ్యాండు మేళంలా ఉంది' అని సమీక్షలో రాస్తాం. వేరేవాళ్ళని అనటం దేనికి, నేనే రాశాను. పత్రిక పేరెందుకు గానీ, ఇప్పటికీ నెట్లో ఉంది.

మీటర్స్ ఏం చేశారో కాస్త దగ్గరగా చూస్తే నా వాక్యం ఎంత తెలివితక్కువదో అర్థమవుతుంది. న్యూ ఆర్లీన్స్‌లో బ్రాస్ బ్యాండ్లు వీధుల్లో ఊరేగుతాయి. చావుకి, పండక్కి, సంఘాల వార్షికోత్సవాలకి. బ్యాండూ, దాన్ని పిలిపించిన సంఘం వాళ్ళూ మొదటి వరస. ఆ వెనక రుమాళ్ళు, గొడుగులు ఊపుకుంటూ చేరే ఊరి జనం రెండో వరస, సెకండ్ లైన్. పెద్ద డ్రమ్ము ఒకడు, చిన్న డ్రమ్ము ఒకడు నడుస్తూ వాయిస్తారు కాబట్టి ఆ దరువు కాళ్ళకి సరిపోవాలి. అలాగని కవాతులా ఉంటే ఎవడూ ఎగరడు. అందుకని దెబ్బ పడాల్సిన చోట ఒక్క పిసరు ఆగి పడుతుంది, పడకూడని చోట ముందే పడుతుంది. జిగబూ చేసిన పని, ఇద్దరు ముగ్గురు నడుస్తూ కొట్టే ఆ దరువుని తను ఒక్కడే కుర్చీలో కూర్చుని కొట్టటం. ఫంక్ అనే భవంతికి పునాదిరాళ్ళలో అదొకటి. అది మొదట వీధి ఊరేగింపు సంగీతం. మిలిటరీ వాయిద్యాలు పేదవాళ్ళ చేతుల్లో పడి, జనం పాటలు వాయిస్తూ, కూలికి వెళ్ళే మేళం.

ఇప్పుడు 'న్యూ ఆర్లీన్స్' తీసి 'అంబాజీపేట' అని పెట్టి చదవండి.

రెంటికీ తేడా లేదని నా వాదన కాదు. తేడా బోలెడుంది. కానీ తెల్లవాడి సైన్యం తెచ్చిన ఇత్తడి బూరలు ఇక్కడా అలాగే దిగాయి, పెళ్ళి ఊరేగింపులోకి వచ్చాయి, ఊళ్ళో తక్కువగా చూసే కులాల చేతికి వచ్చాయి. సన్నాయి, డోలు ఎవరు వాయిస్తారో, డప్పు ఎవరు కొడతారో మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. బ్యాండు ఈ ఇద్దరి ఇళ్ళనుంచీ కుర్రాళ్ళని తీసుకుంది. కోటు, టోపీ వేయించింది. కోటు విప్పాక పెళ్ళి భోజనం మాత్రం ఆఖరి బంతే, అదీ పందిరి అవతల.

ఇక్కడ నాకు తెలిసిన పని ఒకటి చేశాను. ఆ పదకొండు నిమిషాల వీడియోలో పెద్ద డ్రమ్ము ఆయన చెయ్యి బాగా కనపడే ముక్క ఒకటుంది, నలభై సెకన్లు. చెయ్యి ఎప్పుడు దిగుతోందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాశాను. నిమిషానికి 104 దెబ్బలు తేలింది. సంతోషించాను, ఓ పది నిమిషాలు. తర్వాత బుర్ర పనిచేసింది. మన వీడియోలో సెకనుకి 25 బొమ్మలు. అంటే బొమ్మకీ బొమ్మకీ మధ్య 40 మిల్లీసెకన్లు. ఒక డ్రమ్మరు దరువుకి కొంచెం వెనక కొడుతున్నాడా, ముందు కొడుతున్నాడా అనేది చాలాసార్లు అంతకన్నా తక్కువ జాగాలో తేలిపోయే సంగతి. జిగబూని జిగబూ చేసింది ఆ జాగాయే. మా ఊరి డ్రమ్మాయన అక్కడ ఏం చేశాడో, అసలేమైనా చేశాడో లేదో, రెండు బొమ్మల మధ్య పడిపోయింది. లెక్క మిగిలింది, వాయింపు పోయింది.

దీనికి నాకెదురయ్యే మొదటి జవాబు నాకు తెలుసు. ఒక సాహిత్య వాట్సప్ గ్రూపులో ఈ సంగతి ఎత్తితే వెంటనే వచ్చింది కూడా. 'వాళ్ళు వాయించేవి సినిమా పాటలు, అవీ అపశ్రుతిలో. దీనికి ఆర్కైవ్ ఏమిటి స్వామీ' అని, పక్కన మూడు నవ్వు బొమ్మలు.

సినిమా పాటలే. ఒప్పుకుంటాను. న్యూ ఆర్లీన్స్ బ్యాండ్లూ ఊరికి తెలిసిన పాటలే వాయిస్తాయి, చర్చి పాటలు, రేడియో పాటలు. ఊరేగింపులో కొత్త రాగం ఎవడిక్కావాలి? ఆ నాగిని పాటనే తీసుకోండి. 1954 హిందీ సినిమా, సంగీతం హేమంత్ కుమార్. అందులో పాము బూర అసలు బూర కాదు, కళ్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం. పాములవాడి బూరని కరెంటు వాయిద్యం అనుకరించింది, ఆ కరెంటు వాయిద్యాన్ని మా ఊరి క్లారినెట్టు అనుకరించింది, దాన్ని చూసి మా మావయ్య పడగ విప్పాడు. ఇన్ని చేతులు మారిన స్వరం ఆ రాత్రి కాట్రేనికోన సెంటర్లో ఎలా వంగిందో వినాలని నాకుంది. అపశ్రుతో కాదో విన్నాక చెప్తాను. వినకుండా చెప్పేవాళ్ళు ఏం విని చెప్తున్నారు?

రెండో జవాబు కొంచెం మర్యాదస్తులది. 'మన సంప్రదాయ వాద్యాల్ని కాపాడుకుందాం, బ్యాండు మనది కాదు కదా' అని. సన్నాయి సంగతి సరే. కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డులు ఇవాళ వినొచ్చు, 1977లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆయన మహానుభావుడు, అందులో పేచీ లేదు. డప్పుకి ఉద్యమాలు దొరికాయి. జననాట్యమండలి రోజుల నుంచీ డప్పు అంటే పోరాటం, డప్పు అంటే దళిత ఆత్మగౌరవం అని పాటలొచ్చాయి, క్యాసెట్లొచ్చాయి. రావలసిందే. బ్యాండుకి మాత్రం గుడీ దొరకలేదు, ఉద్యమమూ దొరకలేదు. వాయిద్యం తెల్లవాడిది, పాట సినిమావాళ్ళది, కొట్టేది కూలికి. భక్తి ఖాతాలో పడదు, విప్లవం ఖాతాలో పడదు, జానపదం ఖాతాలో అసలే పడదు. మన సాంస్కృతిక పద్దు పుస్తకంలో దీనికి గీత గీసిన గడి లేదు. ఇండియా పెళ్ళి బ్యాండ్ల మీద పెద్ద పుస్తకం 'బ్రాస్ బాజా' రాసింది గ్రెగరీ బూత్ అనే విదేశీ ఆచార్యుడు, 2005లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. మన తెలుగు విమర్శకులం ఆ ఇరవై ఏళ్ళలో పద్యం బతికుందా చచ్చిందా అని కొట్టుకున్నాం.

సినిమా వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2024 ఫిబ్రవరిలో, 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'. నాకు నచ్చింది. సుహాస్ బాగా చేశాడు, అక్క పాత్ర ఇంకా బాగుంది. అది బ్యాండు కొట్టే కుర్రాడి అవమానం గురించి, ఆత్మగౌరవం గురించి. అతను కొట్టే బ్యాండు గురించి కాదు. నేను థియేటర్ నుంచి బయటికొస్తూ కులం గురించి చాలా మాట్లాడాను, దరువు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. తప్పు సినిమాది అనటం లేదు. అవతల వాడి బాధ పట్ల మనకి జాలి ఉంది. అవతల వాడి పనితనం పట్ల కుతూహలం లేదు. నల్లవాళ్ళ సంగీతం దగ్గర మాత్రం రెండూ ఉంటాయి, ఎందుకంటే వాళ్ళకి ఆఖరి బంతిలో వడ్డించింది మన ఇంట్లో కాదు.

2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. మరుసటేడు జనవరిలో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం కోనసీమ ప్రభల తీర్థం. ప్రభలు మోసే భుజాలూ, ముందు వాయించే మేళాలూ ఎవరివో ఢిల్లీలో ఎవరూ అడగరు. మా దగ్గరా అడగరు, తెలుసు కాబట్టి. ఈమధ్య మా వైపు పెళ్ళిళ్ళకి కేరళ నుంచి చెండ మేళం తెప్పించుకోవటం గొప్పైంది. తెల్ల పంచెలు, వరసగా నిలబడటం, డ్రోన్ షాట్లు. వాళ్ళ వాయింపు అద్భుతం, నేనూ నోరు తెరుచుకునే చూస్తాను. అయితే ఈసారి వీడియోవాడు శబ్దం తీయలేదు. ఆ తేడా గమనించండి.

మీటర్స్ దగ్గరకి ఒకసారి మళ్ళీ వస్తాను, రికార్డింగు అంటే ఏమిటో ఆ కథలో ఉంది. వాళ్ళకి పనిచ్చిన నిర్మాత, స్వరకర్త అలెన్ టూసెంట్ స్టూడియో పేరు సీ-సెయింట్. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకి న్యూ ఆర్లీన్స్ మునిగింది, టూసెంట్ ఇల్లూ పోయింది, స్టూడియో కూడా పోయింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ స్టూడియో టేపులు కొన్ని కాలిఫోర్నియాలో ఒక సంతలో పాత సామాన్ల మధ్య బయటపడ్డాయి. మాకూ తుపాను వచ్చింది, 1996 నవంబరు 6 రాత్రి. కాట్రేనికోన చుట్టుపక్కల కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో, ఎందరు పోయారో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ వాళ్ళ దగ్గర తుపానుకి పోవటానికి ఏదో ఉంది. సంతలో దొరకటానికి కూడా ఏదో ఉంది.

మా దగ్గరా ఉండొచ్చేమో అనే ఆశ నాకు ఎక్కడ పుట్టిందంటే: మిక్సింగ్ చేయకముందు కెమెరాలో ఉండే అసలు టేపు. కెమెరాకి మైకు ఉంటుంది. ఊరేగింపు తీస్తున్నప్పుడు బ్యాండు శబ్దం దానిలోకి ఎక్కే ఉంటుంది, గరగరమంటూనైనా. పాట వేసింది తర్వాత, కాపీలో. ఆ పెళ్ళి తీసినాయన్ని వెతికి పట్టుకున్నాను. స్టూడియో తీసేసి ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాడు. చెప్పింది విని నవ్వాడు. 'ఆ టేపులు కొత్తవి కొనాలంటే మాటలా అండి? మీ పిన్నిగారి పెళ్ళి మీద ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు ఎక్కేసుంటాయి.'

ఆయన్ని ఏమీ అనలేను. పాట వేయమన్నది మా ఇంట్లోవాళ్ళే.

కానీ అందరూ చెరిపేసి ఉండరు. అమలాపురంలో, రాజోల్లో, ముమ్మిడివరంలో పాత ఫొటో స్టూడియోల అటకల మీద ఏవో సంచులు ఉండే ఉంటాయి. మన ఊరి సంగీతం గురించి వ్యాసం రాయబోతున్నవాళ్ళు, నాతో కలిపి, ముందు ఆ అటకెక్కండి. అమెరికాలో ఉన్న మన సంఘాలు రెండేళ్ళకోసారి సభలకి సినిమావాళ్ళని విమానాలెక్కిస్తాయి కదా. ఆ ఖర్చులో ఒక టికెట్ డబ్బుతో వంద టేపులు ఎక్కించొచ్చు. వాయిస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫోనులు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. ఈ పెళ్ళిళ్ళ సీజనుకి డీజే బాక్సులకి దూరంగా నిలబడి పది నిమిషాలు రికార్డు చేయండి. వాయించిన ప్రతివాడి పేరూ అడిగి రాసుకోండి, మేళం ఓనరు పేరొక్కటే కాదు. రికార్డు చేసినందుకు డబ్బులివ్వండి.

ఆ వీడియోలో క్లారినెట్టు ఆయన ఉన్నాడు, మా ఊరిపక్క పేటలోనే. డెబ్బై దాటాయి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆయన్ని నాకంటే చిన్నవాళ్ళు కూడా పేరు పెట్టి 'ఒరే' అని పిలిచేవారు. నేను 'అండీ' అంటుంటే ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది, మంచం మీద కూర్చోమని తను నిలబడ్డాడు. ఇద్దరం కూర్చోటానికి కొంచెంసేపు పట్టింది. క్లారినెట్టు తుపాను నీళ్ళలో నాని ప్యాడ్లు ఊడిపోయాయట, తర్వాత అప్పు చేసి ఇంకోటి కొన్నాడట, అదీ అమ్మేశాడట. ఫోనులో ఆయనకి 'సిస్సీ స్ట్రట్' వినిపించాను. శ్రద్ధగా సగం విన్నాడు.

'పాట ఎప్పుడు మొదలవుద్దండి?'

మాటలుండవు, ఇదే పాట అన్నాను. ఇంకొంచెం విన్నాడు. 'డ్రమ్మాయన మటుకు నడుస్తున్నాడండి' అన్నాడు. అంతే, ఫోను తిరిగి ఇచ్చేశాడు. జిగబూ మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి మాట తగల్లేదు. ఆయనకి అంతకంటే పెద్ద ఆసక్తి కలగలేదు కూడా, పెన్షన్ కాగితం గురించి అడిగాడు.

తర్వాత పెళ్ళి వీడియో చూపించాను. తనని తాను గుర్తుపట్టి, పాట తీసేయమన్నాడు. శబ్దం ఆపేశాను. కళ్ళజోడు తుడుచుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని, తన వేళ్ళు చూసుకోవటం మొదలెట్టాడు. రెండుసార్లు వెనక్కి పెట్టించాడు. 'ఇదిగో ఇక్కడిదాకా నాగిని అండి. ఇక్కడ్నించి దసరాబుల్లోడు.' కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. మెల్లిగా కూనిరాగం తీశాడు, అది నేను రికార్డు చేసుకున్నాను.

మరి డ్రమ్ము ఏం కొడుతోంది ఇక్కడ అని అడిగాను.

'అది చూసి చెప్పేది కాదండి. ఆయన పోయి పదేళ్ళయింది.'